మెడికేర్ పేరు చెప్పి పెద్దవాళ్ల ఓట్లకు గాలం: డబ్బు ఎవరిదో చెప్పించాలా, వద్దా?

ఎడిసన్ శ్రీను:

మా మామగారికి 74 ఏళ్లు. సిటిజన్‌షిప్ వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క ఎన్నిక కూడా వదల్లేదు, మిడ్‌టర్మ్ (అధ్యక్ష ఎన్నిక లేని ఏడాది వచ్చే కాంగ్రెస్ ఎన్నిక) అయినా సరే, స్కూల్ బోర్డు అయినా సరే. అందుకేనేమో సెప్టెంబర్ దాటిందంటే మా మెయిల్ బాక్సులో నాకూ మా ఆవిడకూ వచ్చేవాటికంటే ఆయన పేరు మీద వచ్చే కార్డులే ఎక్కువ. పోయిన ఎన్నికలప్పటి కార్డొకటి ఇంకా నా దగ్గరే ఉంది. నోటుబుక్కంత సైజు, దళసరి అట్ట. ముందువైపు ఒక పెద్దావిడ మందు సీసా చేత్తో పట్టుకుని దిగులుగా చూస్తూ ఉంటుంది. వెనక మా హౌస్ (కాంగ్రెస్ దిగువ సభ) సభ్యుడి ఫోటో, నలుపు తెలుపులో, నోరు సగం తెరిచి ఉన్నది ఏరి మరీ వేశారు. "మా మెడికేర్ జోలికి రావద్దని ఈయనకు ఫోన్ చేసి చెప్పండి" అని ఒక నంబరు (మెడికేర్ అంటే 65 దాటినవాళ్లకు అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా). ఓటు అన్న మాట ఎక్కడా లేదు. పంపినవాళ్ల పేరు కార్డు అంచున చీమంత అక్షరాల్లో ఉంది, అందులో 'సీనియర్స్' అని ఉంది, కానీ ఆ సంఘంలో ఎంతమంది సీనియర్లున్నారో, ఆ ప్రింటింగ్ ఖర్చు ఎవరు పెట్టారో ఎంత వెతికినా దొరకలేదు. మామగారు మాత్రం "ఈయన మన మెడికేర్ తీసేస్తాడట బాబూ" అని నాలుగు రోజులు టెన్షన్ పడ్డారు.

నా ప్రశ్న ఒకటే. ఇలాంటి గ్రూపులు కాంగ్రెస్ ఎన్నికల్లో పెద్దవాళ్లను ఉద్దేశించి యాడ్స్ వేస్తే, డబ్బు పెట్టినవాడి పేరు ఆ యాడ్ మీదే ఉండాలని చట్టం పెట్టాలా? పెట్టాలనే నేనంటాను.

లెక్కల మాస్టారు:

వద్దంటాను. ముందుగా, పెద్దవాళ్లనేసరికి వాళ్లకేమీ తెలియదన్నట్టు మాట్లాడటం నాకు నచ్చదు. నాకు 68, నాకూ ఆ కార్డులు వస్తాయి, చూసి రీసైకిల్ డబ్బాలో పడేస్తాను. ఈ గ్రూపులు మా వెంట పడటానికి కారణం మా అమాయకత్వం కాదు, మేం వెళ్లి ఓటేస్తాం కాబట్టి. 2014 మిడ్‌టర్మ్‌లో 65 దాటిన సిటిజన్లలో దాదాపు 59 శాతం ఓటేశామని సెన్సస్ వాళ్లు చెప్పారు, 18–24 వాళ్లు 17 శాతం. డబ్బున్నవాడు యాడ్ ఎవరికి వేస్తాడు మరి?

ఇక పేర్లు బయటపెట్టమనడం గురించి. 1958లో అలబామా రాష్ట్రం నల్లజాతివాళ్ల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీని సభ్యుల జాబితా ఇమ్మన్న కేసు తెలుసు కదా. ఎందుకడిగిందో వేరే చెప్పాలా? ఇవ్వక్కర్లేదని సుప్రీం కోర్టు తేల్చింది. పేరు దాచుకునే హక్కు ఎప్పుడూ డబ్బున్నోళ్ల కోసమే అనుకోకండి.

పెద్దాపురం పద్మ:

మాస్టారూ, నేను ఫార్మసిస్టును, మీలాంటి చురుకైనవాళ్లూ వస్తారు, శ్రీనుగారి మామగారిలాంటివాళ్లూ వస్తారు. తెలివి సంగతి కాదండీ. మెడికేర్ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే ప్లాన్ మార్చుకునే గడువు, అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 దాకా. ఎన్నికలు సరిగ్గా ఆ మధ్యలో. అడ్వాంటేజ్ ప్లాన్లు (మెడికేర్ కవరేజీని ప్రైవేటు కంపెనీల ద్వారా ఇచ్చేవి) అమ్మేవాళ్ల కార్డులూ, ఓట్లు అడిగేవాళ్ల కార్డులూ ఒకే వారంలో, ఒకే ఎరుపు నీలం రంగుల్లో వచ్చి పడతాయి. ఒక పెద్దాయన ఎన్నికల కార్డు తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "ఈ ప్లాన్ నా బీపీ మాత్రలకు పనికొస్తుందా" అని అడిగారు. ఆ వయసులో ఎవరైనా తడబడతారు.

ఇందులో నాకు మింగుడుపడనిది ఏమిటంటే, ప్లాన్ అమ్మే కంపెనీ టీవీ యాడ్ వేయాలంటే ముందు ప్రభుత్వానికి పంపాలి, మెడికేర్ పేరునూ లోగోనూ కార్డు బొమ్మనూ జనాన్ని మభ్యపెట్టేలా వాడకూడదని 2023లో రూల్ కూడా పెట్టారు. అదే మెడికేర్ పేరు చెప్పి ఓటు మళ్లించుకునేవాడిని అడిగే నాథుడు లేడు. నెలకు ముప్పై డాలర్ల ప్లాన్‌కు ఉన్న జాగ్రత్త రెండేళ్ల కాంగ్రెస్ సీటుకు లేదా?

పేరు దాచుకుంటే ఏమవుతుందో పాత కథొకటి ఉంది. 1999, 2000 ప్రాంతంలో టీవీల్లో ఫ్లో అని ఒక బామ్మగారు వచ్చేవారు, బౌలింగ్ ఆడుకునే హుషారైన మనిషి. నా మందుల అలమరలో ప్రభుత్వం చేయి పెట్టొద్దు అన్నది ఆవిడ మాటల సారాంశం. యాడ్ వేసిన గ్రూపు పేరు 'సిటిజన్స్ ఫర్ బెటర్ మెడికేర్'. పేరు వింటే ఎవరో రిటైరైనవాళ్లు చందాలు వేసుకుని పెట్టిన సంఘం అనుకుంటాం, కానీ డబ్బు మందుల కంపెనీలది. తర్వాత 2002 హౌస్ ఎన్నికలకు 'యునైటెడ్ సీనియర్స్ అసోసియేషన్' దిగింది. దాని యాడ్లలో ఆర్ట్ లింక్‌లెటర్, అప్పటికి తొంభై ఏళ్ల టీవీ పెద్దమనిషి, అందరికీ తెలిసిన ముఖం. పలానా సభ్యుడు మీ మందుల కోసం పోరాడుతున్నాడని మెచ్చుకోవడం. దానికీ పెద్ద మొత్తంలో డబ్బు ఫార్మా అనే కంపెనీల సంఘం నుంచే, 'ఎడ్యుకేషనల్ గ్రాంట్' అన్న పేరుతో.

2003లో పార్ట్ డీ చట్టం వచ్చింది. మందులకు కవరేజీ ఇచ్చారు, మంచిదే. కానీ మెడికేర్ కంపెనీలతో ధర బేరం ఆడకూడదని అందులోనే రాసిపెట్టారు. ఆ ముడి విప్పడానికి 2022 దాకా పట్టింది. ఎలిక్విస్, జార్డియన్స్, జనూవియా లాంటి పది మందులకు బేరమాడిన ధరలు 2026 జనవరికి గానీ అమల్లోకి రాలేదు. ఆ మధ్య కాలమంతా కౌంటర్ ఇవతల నిలబడి, ధర విని "సగం మాత్రలే ఇవ్వమ్మా" అన్నవాళ్లను చూశాను.

లెక్కల మాస్టారు:

పద్మగారూ, 2003 చట్టం ఫ్లో బామ్మ వల్ల పాసైందంటారా? వాషింగ్టన్‌లో లాబీయిస్టులు చేసిన పని అది. పైగా అప్పట్లో సుమారు 3 కోట్ల 50 లక్షల మంది సభ్యులున్న పెద్దవాళ్ల సంఘం ఏఏఆర్‌పీ ఆ చట్టాన్ని సమర్థించింది, దాని మీద కోపంతో వేల మంది సభ్యత్వం వదిలేశారు కూడా. ఆ ఏఏఆర్‌పీ ఎవరికీ ఓటేయమని చెప్పదు, నిజమే, కానీ దాని పేరు మీద అమ్మే యునైటెడ్‌హెల్త్‌కేర్ పాలసీల నుంచి వచ్చే రాయల్టీ తక్కువేం కాదు. మరి దాన్నేమంటారు?

ఇంకో మాట. మీరంతా రిపబ్లికన్ పార్టీ వైపే చూపిస్తున్నారు. 2011లో రిపబ్లికన్ హౌస్ సభ్యుడు పాల్ రయాన్‌ని పోలిన మనిషి ఒక బామ్మను వీల్‌చైర్‌లో తోసుకెళ్లి కొండ మీంచి పడేసే యాడ్ వేసింది ఎవరు? అవతలి, డెమొక్రాట్ల వైపువాళ్లే. రిపబ్లికన్లు మెడికేర్‌ను రద్దు చేయడానికి ఓటేశారన్న ప్రచారాన్ని నిజానిజాలు తేల్చే సంస్థ పొలిటిఫాక్ట్ ఆ ఏటి పెద్ద అబద్ధంగా ఎంచింది. దొందూ దొందే.

చికాగో చలి:

దొందూ దొందేనని ఒప్పుకుంటే ఇద్దరికీ రూల్ పెట్టాలి కదా మాస్టారూ, వదిలేయాలని ఎలా తేలింది?

2010 సంగతి చెప్తాను, అది ఇంకా బాగుంటుంది. ఆ ఏడాది '60 ప్లస్ అసోసియేషన్' లాంటి గ్రూపులు డెమొక్రాట్ సభ్యుల మీద పడ్డాయి, ఒబామాకేర్ (ఆ ఏడాది వచ్చిన ఆరోగ్య బీమా చట్టం) మెడికేర్‌లో 500 బిలియన్ డాలర్లు కోసేసిందని. లెక్క గాల్లోంచి పుట్టింది కాదు. కాకపోతే అది పదేళ్లలో ఖర్చు పెరిగే వేగాన్ని తగ్గించడం, ఎక్కువగా ఆసుపత్రులకూ అడ్వాంటేజ్ ప్లాన్లకూ ఇచ్చేదాంట్లో. మనలాంటివాడు చదివితే చేతిలో ఉన్నది లాక్కున్నారనే అనుకుంటాడు. సరే, 2011 ఏప్రిల్‌లో రయాన్ బడ్జెట్ హౌస్‌కు వచ్చింది. ఒబామాకేర్‌ను రద్దు చేస్తామన్న ఆ బడ్జెట్టే ఆ మెడికేర్ పొదుపును మాత్రం అలాగే ఉంచుకుంది. కోత పేరు చెప్పి గెలిచొచ్చిన సభ్యులు దానికి దర్జాగా ఓటేశారు. మరుసటి నెలలోనే న్యూయార్క్ 26వ నియోజకవర్గం ఉప ఎన్నికలో డెమొక్రాట్ కేథీ హోకుల్ అదే మెడికేర్ పేరు చెప్పి గెలిచింది. ఇటు తిప్పినా అటు తిప్పినా భయపెట్టేది పెద్దవాళ్లనే.

మా ఊళ్లో 1989లో జరిగింది పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1988లో మెడికేర్‌కు పెద్ద జబ్బుల కవరేజీ కలిపారు, ఆ ఖర్చు కాస్త ఆదాయం ఉన్న వృద్ధుల మీద సర్‌టాక్స్‌గా, అంటే అదనపు పన్నుగా వేశారు, మనిషికి మొదటి ఏడాది 800 డాలర్లకు మించకుండా. చాలామందికి ఆ మొత్తం పడేదే కాదు. కానీ ఇంటింటికీ వచ్చిన ఉత్తరాలు చదివి అందరూ తమకే పడుతుందనుకున్నారు. ఆ ఆగస్టులో ఇక్కడ సభకు వచ్చిన డాన్ రాస్టెన్‌కోవ్‌స్కీ కారును చుట్టుముట్టారు, ఒక పెద్దావిడ ఏకంగా బానెట్ మీదికెక్కింది. ఆయన దిగి నడిచి పారిపోవాల్సొచ్చింది, హౌస్‌లో పన్నుల కమిటీ ఛైర్మన్! ఆ ఏడాది ముగిసేలోపే చట్టం రద్దు. ఎక్కువమందికి లాభం చేసే కవరేజీ పోయింది. టీవీ యాడ్ కంటే ఉత్తరం ఎంత పని చేస్తుందో చూడండి.

వాసు (లా ఆఫీసులో గుమాస్తా పని):

కొంచెం చట్టం సంగతి చెప్తాను, ఇక్కడ కలగాపులగం అవుతోంది.

శ్రీనుగారి కార్డులో ఓటు అన్న మాట లేకపోవడం యాదృచ్ఛికం కాదు. 1976 నాటి బక్‌లీ తీర్పు దగ్గర్నుంచీ "ఓటేయండి", "ఓడించండి" లాంటి మాటలు లేకపోతే అది ఎన్నికల ప్రచారం కాదు, 'ఇష్యూ యాడ్' అని తప్పించుకునే దారి ఉంది. 2002లో మెక్‌కెయిన్-ఫైన్‌గోల్డ్ చట్టం వచ్చి, ఎన్నికకు 60 రోజుల లోపు అభ్యర్థి పేరు ఎత్తితే చాలు, ప్రచారం కిందే లెక్కన్నది. అయితే అది టీవీ, రేడియో, కేబుల్, శాటిలైట్‌కే. పోస్టులో వచ్చే కార్డు దాని కిందికి రాదు. కంప్యూటర్లో వచ్చేదీ రాదు.

మాస్టారు 1958 తీర్పు చెప్పారు, మంచి తీర్పు. కానీ 2010 సిటిజన్స్ యునైటెడ్ తీర్పు కూడా చూడండి. కార్పొరేషన్లు ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చన్నది 5–4 మీద, డబ్బు పెట్టినవాళ్ల వివరాలు చెప్పమనడం మాత్రం తప్పు కాదన్నది 8–1 మీద. అంటే రాజ్యాంగం అడ్డు రాలేదు. ఆ ఏడాదే, డబ్బు ఎవరిదో చెప్పించే డిస్‌క్లోజ్ బిల్లు హౌస్‌లో పాసై సెనేట్‌లో 60 ఓట్లు దొరక్క ఆగింది. అప్పట్నుంచీ మళ్లీ మళ్లీ పెడుతున్నారు, మళ్లీ మళ్లీ ఆగుతోంది.

ఇంకోటి చాలామందికి తెలియదు. అభ్యర్థి తన సొంత యాడ్ ఇస్తే అందులో పచ్చి అబద్ధం ఉన్నా టీవీ స్టేషన్ ఒక్క అక్షరం మార్చకూడదు. బయటి గ్రూపుల యాడ్‌కు ఆ రక్షణ లేదు, నచ్చకపోతే స్టేషన్ వేయక్కర్లేదు. మరెందుకు వేస్తారంటే, చివరి 60 రోజుల్లో అభ్యర్థికి అతి తక్కువ రేటు ఇవ్వాలి, గ్రూపులకు ఆ బాధ లేదు, ఎంతైనా గుంజుకోవచ్చు. స్టేషన్‌కు మంచి గిరాకీ ఈ గ్రూపులే.

ఎడిసన్ శ్రీను:

అయితే కార్డు మీద ఎవరూ ఏమీ చేయలేరా?

వాసు:

ఒక్క దారి ఉంది, అదీ ఇరుకుగానే. పద్మగారు చెప్పిన యునైటెడ్ సీనియర్స్ వాళ్లే ఒకప్పుడు కవర్ల మీద సోషల్ సెక్యూరిటీ పేరు పెద్దగా వేసి, ప్రభుత్వం నుంచి వచ్చిందేమో అనిపించేలా పంపారు. సోషల్ సెక్యూరిటీ వాళ్లు 5 లక్షల 54 వేల డాలర్ల జరిమానా వేశారు, 2005లో అప్పీల్ కోర్టు సరేనంది. కానీ ఆ జరిమానా కవరుకు. లోపల కాగితంలోని రాజకీయానికి కాదు.

పెద్దాపురం పద్మ:

చూశారా, ప్రభుత్వం పేరు దొంగిలిస్తే జరిమానా. బామ్మల పేరు దొంగిలిస్తే ఏమీ లేదు. ఏఏఆర్‌పీ గురించి అడిగారు కదా మాస్టారూ, వాళ్లూ చెప్పాల్సిందే, నేను మినహాయించమనడం లేదు. అయినా ఏఏఆర్‌పీ ఎవరో నాకు తెలుసు, కోపమొస్తే కార్డు చించి సభ్యత్వం మానేయొచ్చు, మీరే చెప్పారు వేలమంది మానేశారని. ఫ్లో గ్రూపులో సభ్యత్వం ఎక్కడ మానేయాలి?

లెక్కల మాస్టారు:

బాగానే అడిగారు. అయినా నా భయం నాదే. రేపు ఒక రిటైర్డ్ టీచరు తనకు నచ్చిన సంఘానికి వంద డాలర్లు ఇస్తే ఆయన పేరు నెట్‌లో ఎక్కిస్తారు, పక్కింటివాడు చూస్తాడు, కొడుకు పనిచేసే ఆఫీసులో చూస్తారు. ఈ రోజుల్లో ఎంత గొడవవుతుందో మీకు తెలుసు. కంపెనీలను పట్టుకోబోయి మామూలు మనుషులను పట్టుకుంటారు.

వాసు:

వంద డాలర్లవాడిని ఎవరూ అడగటం లేదండీ. కాలిఫోర్నియాలో రాష్ట్ర ఎన్నికల యాడ్స్ మీద 50,000 డాలర్లు, అంతకు మించి ఇచ్చినవాళ్లలో మొదటి ముగ్గురి పేర్లు కనబడాలి. అరిజోనాలో 2022లో జనమే ఓటేసి చట్టం తెచ్చుకున్నారు, దాదాపు 72 శాతం అవునన్నారు, అక్కడ 5,000 పైన ఇచ్చినవాళ్లు. రెండూ రాష్ట్ర ఎన్నికలకే, కాంగ్రెస్ సీట్లకు వర్తించవు.

లెక్కల మాస్టారు:

5,000 అంటే ఒప్పుకోను, అది ఒక కుటుంబం ఏడాది దానం. లక్ష పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.

వాసు:

లక్ష పెడితే 99 వేల చొప్పున పది సంఘాల గుండా తిప్పి పంపుతారు, చివరికి యాడ్ మీద 'పలానా సీనియర్స్ ఫండ్' అని ఇంకో సంఘం పేరే ఉంటుంది. అందుకే అరిజోనా వాళ్లు ఇచ్చిన సంఘం పేరుతో సరిపెట్టుకోకుండా డబ్బు మొదట ఎవరి జేబులోంచి బయల్దేరిందో చెప్పమన్నారు. ఆ ఒక్క షరతు ఉంటే మీ లక్షకు నేను ఒప్పుకుంటాను. మీరు ఆ షరతుకు ఒప్పుకుంటారా?