సమస్యాపూరణం: కంటి కాటుక మద్యమై కైపునిచ్చె

నిర్వాహకుడు: ఈసారి తేటగీతి. చివరి పాదం ఇచ్చాం, పై మూడూ మీవి.

కంటి కాటుక మద్యమై కైపునిచ్చె

పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు (గణమంటే గురులఘువుల గుంపు). యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కుదరాల్సిన చోటు, నాలుగో గణం మొదటి అక్షరం (ఇక్కడ కం–కై). ప్రాస అక్కర్లేదు. చెలి చూపుల మత్తుతో తేల్చేయకండి, ఆ దారి అరిగిపోయింది. 'ఆల్కహాల్' పుట్టుక మీద రాయండి: అరబ్బీలో 'కుహ్ల్' అంటే కాటుకలా కంటికి పెట్టే సుర్మా పొడి, ముందున్న 'అల్' ఉపపదం.

పూరణ 1 – గోదారిగట్టు

అరబు భాషలో కుహ్లన నంజనమ్ము
మెత్తపొడి కెల్ల పేరయ్యె మేలి లాటి
నందు, ద్రాక్షసారమునకు నాఖ్య యయ్యె
కంటి కాటుక మద్యమై కైపునిచ్చె

రసవాది: వరస సరిగ్గా పట్టారు. మొదట సుర్మా పొడి, తర్వాత వస్త్రగాళితం పట్టినంత మెత్తని ఏ పొడైనా, ఆపైన దేన్నుంచైనా తీసిన సారం. 16వ శతాబ్దంలో పారసెల్సస్ అనే యూరప్ వైద్యుడు ద్రాక్షమద్యపు సారాన్ని 'ఆల్కహాల్ వీని' అన్నాడు. వీని అంటే ద్రాక్షమద్యానిది. కాలక్రమంలో ఆ తోక రాలిపోయింది. ఇంగ్లీషులో మత్తునిచ్చే పదార్థమన్న అర్థం 18వ శతాబ్దం నడుమకు వాడుకలో ఉంది.

ఇక పద్యం. రెండో పాదంలో 'మేలి' యతి కోసమే వచ్చి కూర్చుంది. అక్కడ 'మీద' అనండి. మె–మీ యతి చెల్లుతుంది, 'తరువాత' అన్న అర్థమూ కలిసొస్తుంది.

పూరణ 2 – పాలమూరు పద్యం

రాయి దంచి వడగట్టి రాచి రాచి
కనుల దిద్దిన నల్లని కలికమదియె
పేరు మాత్రమ్ము సారాకు బెట్టుకొనగ
కంటి కాటుక మద్యమై కైపునిచ్చె

నిర్వాహకుడు: మొదటి పాదం విడదీయండి: రాయి / దంచివ / డగట్టి. మూడోది జగణం (లఘువు, గురువు, లఘువు), ఇంద్రగణాల్లో దానికి చోటు లేదు. 'రాయి దంచి జల్లెడ బట్టి రాచి రాచి' అంటే రెండోది రగణం, మూడోది సలం, రెండూ ఇంద్రగణాలే, సరిపోతుంది. ఈ పూరణకు ప్రాణం 'పేరు మాత్రమ్ము'. మారింది పదార్థం కాదు, పేరు. సమస్యలోని అసంగతి ఆ ఒక్క మాటతో విడిపోయింది.

గోదారిగట్టు: 'రాయి దంచి' అనడం నాకు నచ్చింది. మన కాటుక ఆముదపు దీపం మసి. కుహ్ల్ గనిలో దొరికే ఆంటిమొని సల్ఫైడు. (ఇప్పుడు అమ్మే సుర్మాలు చాలావాటిలో సీసపు సల్ఫైడు ఉంటుంది, పిల్లల కళ్ళకు పెట్టకండి.)

పూరణ 3 – తేనెపట్టు

బట్టిలో నంజనముబోసి పట్టు సార
చుక్క చుక్కగ జారెను చూచినంత
అరబు రసవాది చేతిలో నద్భుతమున
కంటి కాటుక మద్యమై కైపునిచ్చె

రసవాది: గణాలు, యతులు అన్నీ కుదిరాయి. విషయమే తప్పు. సుర్మా రాయిని బట్టిపెడితే ఒక్క చుక్క సారా రాదు. గాలి తగిలేలా బాగా కాలిస్తే గంధకం ఘాటు వాయువై పోతుంది, ఆంటిమొని ఆక్సైడు మిగులుతుంది. చుక్కలుగా దిగేది పులిసిన ద్రాక్షరసం నుంచి. దానిలోని ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, నీటికి 100 కావాలి. అందుకే ముందు లేచే ఆవిరిలో ఇథనాల్ పాలు ఎక్కువ. మీ రెండో పాదం ఉంచి, ఒకటీ మూడూ మార్చాను:

బట్టిలో ద్రాక్షసురబోసి పట్టు సార
చుక్క చుక్కగ జారెను చూచినంత
అంజనపు పేరు దానికి నంటుకొనగ
కంటి కాటుక మద్యమై కైపునిచ్చె

తేనెపట్టు: సవరణ బాగుంది. ఆల్కహాల్ అన్న మాట, మద్యపు చెరుపును చెప్పే అరబ్బీ 'అల్ గౌల్' నుంచి వచ్చిందనీ అంటారు కదా, దాని మీద ఇంకొకటి రాయనా?

రసవాది: ధ్వని దగ్గరగా ఉందన్న మాటే గానీ ఆ వాదం నిలవదు. యూరప్ రాతల్లో ఆల్కహాల్ ముందు కనిపించేది పొడిగానే, మత్తుగా కాదు. గౌల్ మూలమైతే ఆ పొడి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? రాయదలిస్తే నేటి అరబ్బీ మీద రాయండి. అక్కడ ఆల్కహాల్‌ను 'కుహూల్' అంటున్నారు, కాటుకేమో ఇప్పటికీ 'కుహ్ల్'.