అప్‌డేట్: కమొడోర్ 64లో సౌండ్ దారికొచ్చింది

మర్చిపోయిన వాళ్ల కోసం: మా మావయ్య దగ్గర్నుంచి వచ్చిన కమొడోర్ 64 అనే పాతకాలం హోమ్ కంప్యూటర్‌లో పాత 6581 సిడ్ చిప్ (సౌండ్ పుట్టించే చిప్) తీసేసి ఎవరో దాని తర్వాతి రకం 8580 పెట్టారు, సౌండ్ వస్తోంది కానీ లో-పాస్ ఫిల్టర్ (కీచు శబ్దాల్ని కోసేసేది) ఆన్ చేసినా బేస్ గొంతు మూగబోకుండా కీచుమంటోంది, శాంపిల్ డ్రమ్స్ (రికార్డు చేసి వాడే డ్రమ్ శబ్దాలు) అయితే దాదాపు వినపడవు, ఎందుకని అడిగాను.

ముందు వోల్టేజ్ చూడమన్నారు, చూశాను. 28వ పిన్ దగ్గర 9 వోల్టులే ఉంది, హమ్మయ్య, 6581కి ఇచ్చే 12 వోల్టులే అలా వదిలేసుంటే ఈ చిప్ ఎప్పుడో పోయేది. మార్చినవాళ్లు అంత జాగ్రత్తపడి, ఫిల్టర్ కెపాసిటర్లు మాత్రం పాత 470 పికోఫారడ్‌వే ఉంచేశారు! 8580కి 22 నానోఫారడ్ కావాలి. అంటే దాదాపు 47 రెట్లు తేడా, కటాఫ్ (ఫిల్టర్ కోత మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) ఎక్కడికో పైకి పోతుంది, ఇక ఫిల్టర్ ఏం కోస్తుంది? విజయనగరం గంటస్తంభం వైపు రేడియో పార్టుల కొట్లో 223 (అంటే 22 నానోఫారడ్) అని రాసున్న ఫిల్మ్ కెపాసిటర్లు రెండు దొరికాయి, ఒకటి 1-2 పిన్నుల మధ్య, రెండోది 3-4 మధ్య. బేస్ ఇప్పుడు గుండెల్లో మోగుతోంది.

డ్రమ్స్ సంగతి చిప్ స్వభావమేనట. 26వ పిన్ నుంచి గ్రౌండ్‌కి 330 కిలోఓమ్ రెసిస్టర్ వేశాక బాగానే వినపడుతున్నాయి.

స్టీరియోకి రెండో సిడ్ పెట్టమని తమ్ముడి గోల. ఇప్పట్లో కాదు, ఆ చిప్‌ల ధర చూస్తేనే టెన్షన్.