1853 ఎన్‌ఫీల్డ్ రెప్లికా కొనాలనుకుంటున్నాను, సలహా చెప్పండి

ఫెయిర్‌ఫాక్స్, వర్జీనియా (కొత్త సభ్యుడు):
అందరికీ నమస్కారం. హెచ్1 మీద వచ్చి ఎనిమిది నెలలైంది. ఆఫీసులో ఒకాయన వించెస్టర్ దగ్గర సివిల్ వార్ తుపాకుల షూటింగ్ పోటీకి తీసుకెళ్లి, 1853 ఎన్‌ఫీల్డ్ (మూతి నుంచి మందు దట్టించే పాత బ్రిటిష్ తుపాకీ) చేతికిచ్చాడు. 1857లో మన సిపాయిలు కొవ్వు రాసిన తూటాలు కొరకబోమని తిరగబడింది ఈ తుపాకీ దగ్గరేనని తెలిసి ఒళ్లు జలదరించింది. పాతదాని నమూనాలో ఇప్పుడు చేసే రెప్లికాల్లో మంచిది ఎలా చూసి కొనాలి?

రిచ్‌మండ్:
తమ్ముడూ, తుపాకీ సంగతి తర్వాత. ముందు నీ అపార్ట్‌మెంట్ లీజు తీసి చదువు. నేను చదవకుండా 1861 స్ప్రింగ్‌ఫీల్డ్ (అదే కాలపు అమెరికన్ తుపాకీ) రెప్లికా తెప్పించాను. ఐదడుగుల పెట్టె లీజింగ్ ఆఫీసుకు వచ్చింది. దాని మీద షాపు పేరు చూసి మేనేజరమ్మ లోపలి గదిలో పెట్టి తాళం వేసింది. సాయంత్రం వెళ్తే, ఆయుధాలు ఉంచకూడదన్న పేజీ తీసి చూపించింది, కింద నా సంతకం. ఫెడరల్ చట్టం దీన్ని ఫైర్‌ఆర్మ్‌గా లెక్కపెట్టదని ప్రింట్లు తీసుకెళ్లాను. "చట్టం వేరు, మా లీజు వేరు" అంది. ఆమె అన్నది నిజమే. మూడు వారాలు నిద్ర లేదు. వీసా మీదకు ఏమొస్తుందోనని మా ఆవిడకు ఒకటే టెన్షన్. చివరికి సొంత ఇల్లున్న స్నేహితుడు వచ్చి పట్టుకెళ్లాడు. రెండేళ్లు వాళ్లింట్లోనే ఉంది.

ఎడిసన్:
హెచ్1 వాళ్లు తుపాకీ ముట్టుకోకూడదు. ఇందులో రెండో మాట లేదు.

రిచ్‌మండ్:
అన్నయ్యా, అది మామూలు తుపాకులకు. 1968 గన్ కంట్రోల్ యాక్ట్‌లో ఈ పాత రకం క్యాప్‌లాక్ (చిన్న టోపీ లాంటి క్యాప్‌ను హ్యామర్ కొడితే పేలే) రెప్లికాలు యాంటిక్ కింద విడిగా ఉన్నాయి. మీ న్యూజెర్సీలో వీటికి కూడా తుపాకీ ఐడీ కార్డు కావాలి, తమ్ముడుండేది వర్జీనియాలో. అయినా తమ్ముడూ, వీసా మీద ఉన్నవాడివి, ముందు లాయర్‌ని అడుగు.

షార్లెట్:
పిల్లాడు అడిగిందేమిటి, మీరు చెప్పేదేమిటి? బాబూ, తుపాకీ చేతికి రాగానే రామ్‌రాడ్ (గుండు దట్టించే కడ్డీ) బ్యారెల్‌లోకి అడుగుదాకా దించి, మూతి దగ్గర కడ్డీ మీద గుర్తు గీసుకో. అదే కడ్డీని, గుర్తు మూతి దగ్గరే ఉండేలా, బయట పక్కన ఆనించి చూడు. కొస నిపుల్ (వెనక క్యాప్ తొడిగే మొన) దాకా చేరకపోతే లోపల ఏదో ఉంది, పక్కన పెట్టేయ్. ఖాళీ అని తేలాక హ్యామర్‌ని సగానికి లాగి ట్రిగ్గర్ నొక్కు. కదలకూడదు. పూర్తిగా లాగి వెనక నుంచి బొటనవేలితో మెల్లగా తొయ్యి, అప్పుడూ పడకూడదు. లాక్ ప్లేటుకీ (హ్యామర్ బిగించిన ఇనుప పలక) చెక్కకీ మధ్య గోరు దూరే సందుంటే వద్దు. ఇటలీదైతే గార్డోనే ప్రూఫ్ హౌస్ (గొట్టాలు పేలకుండా తట్టుకుంటాయో పరీక్షించే చోటు) ముద్రతోపాటు "పీ ఎన్" అక్షరాలు వెతుకు, బ్లాక్ పౌడర్‌కు, అంటే పాతకాలపు నల్లమందుకు, పరీక్షించారని అర్థం. దొరికితే పాత పార్కర్-హేల్ కంపెనీ రెప్లికా తీసుకో. బర్మింగ్‌హామ్‌లో చేసినవాటిలో గొట్టం లోపల గుండును తిప్పే గాడులు అసలు ఎన్‌ఫీల్డ్‌లోలాగే అడుగుకు వెళ్లేకొద్దీ లోతవుతాయి. అదే పేరుతో తర్వాత ఇటలీ భాగాలతో చేసినవీ ఉన్నాయి, ముద్ర చూడందే డబ్బివ్వకు. సీసం పోసి గుండు చేసుకునే మూస మాత్రం ఇప్పుడే కొనకు. గొట్టం వ్యాసం పేరుకు .577 అంగుళాలైనా ఒక్కో బ్యారెల్ ఒక్కో కొలత, కొలిపించాకే కొను.

డాలస్:
ఇండియాలో చేసినవి చాలా తక్కువకే వస్తాయి కదండీ, వాటి మాటే ఎత్తరేం? నా దగ్గరొకటి ఆరేళ్లుగా హాల్లో ఉంది, చెక్క ఎంత బాగుంటుందో!

షార్లెట్:
హాల్లో పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పేల్చడానికైతే ప్రూఫ్ పరీక్ష కాని గొట్టాన్ని చెంపకు ఆనించమని నేను ఆ పిల్లాడికి చెప్పలేను.

డాలస్:
చరిత్ర కోసమైతే ఇంకో మాట. 1857 తర్వాత మన సిపాయిల కోసం చేయించిన 1858 ఎన్‌ఫీల్డ్‌లో గాడులే లేవు, .656 అంగుళాల నునుపు గొట్టం. గురి కుదరకూడదనే అలా ఇచ్చారు. తమ్ముడు కొనాల్సింది అదే.

షార్లెట్:
దానితో పోటీలో దేన్ని కొడతాడండీ? పైగా ఆ పోటీల్లో వాళ్లు ఆమోదించిన రెప్లికానే ఉండాలి. బాబూ, కొనేముందు ఆ జాబితా అడుగు.

ఫెయిర్‌ఫాక్స్:
అందరికీ థాంక్స్. లీజు తీశాను. మాకూ ఆ షరతు ఉంది.

రిచ్‌మండ్:
అయితే ఇప్పుడే ఆర్డర్ పెట్టకు. శనివారం మా ఇంటికి రా. నా స్ప్రింగ్‌ఫీల్డ్ చేతికిస్తాను, అక్క చెప్పినవన్నీ దాని మీద చేసి చూద్దువుగాని. భోజనం మా ఇంట్లోనే.