ప్రార్థనలో బలం ఉంది, ఇంట్లో నిగ్రహం లేదు: యవ్వనస్థులకు ఏం చెప్పాలి?

యూత్‌లీడర్_ఖమ్మం:
సహోదరీ సహోదరులకు వందనాలు. శ్రమకాలంలో (ఈస్టర్‌కు ముందు నలభై రోజులు) మా సంఘంలో ప్రతి శుక్రవారం ఉపవాస కూడిక జరుగుతుంది. యవ్వనస్థులు బాగానే వస్తున్నారు, కన్నీళ్లతో ప్రార్థిస్తున్నారు. ఇంటికి వెళ్లాక మాత్రం అమ్మ మీద అరుపులు, అర్ధరాత్రి దాటేదాకా ఫోన్. తల్లిదండ్రులు బాధపడుతున్నారు. వచ్చే వారం బైబిల్లోని మహాబలుడు సమ్సోను మీద వాక్యం చెప్పాలి. "పరిశుద్ధాత్మను అడగండి, ఆయనే ఆశానిగ్రహం ఇస్తాడు" అని ఆపేస్తే వాళ్లకు చేతికి ఏమీ అందదు. అలాగని స్వశక్తిని బోధించడం కూడా ఇష్టం లేదు. ఎలా చెప్పాలి? ఉపవాసం గురించి ఏం నేర్పాలి?

వాక్యపరిచారకుడు:
అన్నా, సమ్సోనును శత్రువులకు పట్టించిన దెలీలాతో మొదలుపెట్టకండి, అది ముగింపు. న్యాయాధిపతులు 14 నుంచి చదివించండి. సింహం కళేబరంలోని తేనె తిన్నాడు, తల్లిదండ్రులకూ పెట్టాడు, ఎక్కడిదో చెప్పలేదు. దాచడం అక్కడ మొదలైంది. (చాలామంది ఇక్కడ సంఖ్యాకాండము 6 ఎత్తి, దేవునికి ప్రత్యేకించుకునే నాజీరు వ్రతం తప్పాడంటారు. అక్కడ చెప్పింది మనిషి శవం గురించి. జంతు కళేబరం అపవిత్రత లేవీయకాండము 11లో ఉంది. పిల్లలు అడుగుతారు, సిద్ధపడి వెళ్లండి.)

అసలు చూపించాల్సింది 16వ అధ్యాయం మొదట్లో ఉంది. గాజాలో వేశ్య ఇంటికి వెళ్లాడు, అదే రాత్రి పట్టణపు తలుపులు, ద్వారబంధాలు ఊడబెరికి కొండమీదికి మోసుకెళ్లాడు. నిగ్రహం పోయినా బలం ఇంకా పనిచేస్తోంది. అందుకే అంతా బాగానే ఉందనుకున్నాడు. 20వ వచనానికి వచ్చేసరికి యెహోవా తనను విడిచిపెట్టాడని కూడా అతనికి తెలియలేదు. కూడికలో కన్నీళ్లు వస్తున్నాయి, పాట బాగా వస్తోంది కాబట్టి నా జీవితం సరిగ్గానే ఉందనుకునే యవ్వనస్థుడికి ఇంతకంటే సూటైన వాక్యం లేదు.

స్వశక్తి ప్రశ్నకు ఫిలిప్పీయులు 2:12-13 రెండు వచనాలూ కలిపి చదవండి. భయముతోను వణకుతోను మీ రక్షణను కొనసాగించుకోండి అన్న వెంటనే, మీలో కార్యసిద్ధి కలిగించేది దేవుడే అన్నాడు పౌలు. 2 తిమోతి 1:7లోనూ శక్తి, ప్రేమ, ఇంద్రియ నిగ్రహం ఒకే ఆత్మ ఇచ్చేవి. ఒకటి ఉంచుకుని మరొకటి వదిలేయడానికి వీల్లేదు.

సిస్టర్_నర్స్_గుంటూరు:
ఉపవాసం రోజు కోపంలో కొంత ఆత్మీయం, కొంత శారీరకం. రెండోదాన్ని ముందే తగ్గించవచ్చు.

రోజూ మూడు నాలుగు కప్పుల కాఫీ, టీ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే సాధారణంగా 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు మొదలవుతాయి. అంటే గురువారం సాయంత్రం చివరి కప్పు తాగినవాడికి సరిగ్గా కూడిక వేళకు. సోమవారం నుంచే రోజుకో కప్పు తగ్గించమనండి. మొదటి రెండు వారాలు ఉదయం టిఫిన్ ఒక్కటే మానాలి. తర్వాత మధ్యాహ్న భోజనం కూడా. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ అనుసరించిన పద్ధతిలో గురువారం రాత్రి భోజనం తర్వాత ఆపి శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకు విరమించేవారు. కొత్తవాళ్లకు అది చాలు. నీళ్లు మానొద్దు.

విరమించేటప్పుడే ఎక్కువమంది తప్పుతారు. రోజంతా ఆకలిని అణచుకుని సాయంత్రం బిర్యానీ మీద పడితే నేర్చుకున్నది నిగ్రహం కాదు, వాయిదా. ముందు మజ్జిగో రాగి జావో ఒక గ్లాసు, అరగంట ఆగి మామూలు భోజనంలో సగం.

యెషయా 58:3-4 తప్పక చదివించండి. ఉపవాస దినాన కలహపడుతూ, పిడికిళ్లతో గుద్దులాడుతున్నారని దేవుడే మందలించాడు. మీ సమస్య అప్పటినుంచీ ఉన్నదే. ఏడో వచనం ప్రకారం మానిన భోజనం ఖర్చును ఆకలిగా ఉన్నవాళ్లకు అదే రోజు చేర్చమనండి.

తిమోతి2_22:
ఫోన్ గురించి నాలుగు మాటలు. ఆదికాండము 39లో యజమాని పోతీఫరు భార్య పాపానికి పిలిచి వస్త్రం పట్టుకుంటే, యోసేపు తలుపు దగ్గర నిలబడి వాదించలేదు, వస్త్రం వదిలేసి పారిపోయాడు. అంతకుముందు 10వ వచనం చూడండి: ఆమె దినదినమూ అడుగుతుంటే ఆమెతో ఉండడానికే ఒప్పుకోలేదు. ఆ చివరి నిమిషం ధైర్యం రోజూ దూరంగా ఉండడం వల్ల వచ్చింది. కాబట్టి రాత్రి 11కి మంచం మీద చేతిలో ఫోన్ పెట్టుకుని ప్రార్థించమనడం వాళ్లకు అన్యాయం. తొమ్మిదిన్నరకు ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కు పెట్టాలి, అలారానికి 200 రూపాయల గడియారం కొనాలి. ఇంట్లోవాళ్లందరూ పెట్టాలి. నాన్న ఫోన్ పడకగదిలోనే ఉంటే పిల్లలు వినరు.

కోపానికైతే, ఏ గంటలో ఏ మాటకు వస్తుందో ఒక వారం రాయించండి. ఎక్కువగా ఇంట్లోకి అడుగుపెట్టగానే, ఆకలితో, "చదివావా?" అన్న ప్రశ్నకు వస్తుంది. అయితే గుమ్మం బయట ఆగి యాకోబు 1:19 (వినడానికి వేగిరపడాలి, మాట్లాడడానికీ కోపానికీ నిదానించాలి) చెప్పుకుని, చెప్పులు విప్పి, నీళ్లు తాగి, ఆ తర్వాతే మాట్లాడాలి.

నలభై రోజులు కోప్పడనని మొక్కుకోనివ్వకండి. మూడో రోజు తప్పితే మిగతా ముప్పై ఏడూ వదిలేస్తారు. తప్పినప్పుడు ఆ సాయంత్రమే అమ్మను క్షమాపణ అడగడం, వారానికోసారి ఒక నమ్మకస్తుడైన అన్నకు ఉన్నదున్నట్టు చెప్పడం పెట్టండి. సమ్సోనుకు లేనిది అదే. అతను ఎప్పుడూ ఒంటరిగానే యుద్ధం చేశాడు.

యూత్‌లీడర్_ఖమ్మం:
చాలా వందనాలు. సిస్టర్, షుగర్ ఉన్న పెద్దవాళ్లు కూడా పిల్లలతో పాటు ఉంటామంటున్నారు. ఏం చెప్పమంటారు?

సిస్టర్_నర్స్_గుంటూరు:
ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా భోజనం మానకూడదు. మాత్ర వేసుకుని తినకపోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. చెమట, వణుకు, మాట తడబడడం కనిపిస్తే ప్రార్థన ముగిసేదాకా ఆగకుండా మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు భోజనం ఆపొద్దు. వాళ్లు టీవీనో, సీరియల్‌నో, మాంసాన్నో మానవచ్చు. ఈ మాట కూడికకు ముందే అందరి ఎదుటా పాస్టర్‌గారే చెబితే, తినేవాళ్లు సిగ్గుపడరు.