సమస్యాపూరణం: “త్రాగి త్రాగి యతడు త్రాగఁడయ్యె”

నిర్వాహకుని మాట:

సమస్య అంటే పొసగనట్టు కనిపించే ఒక పాదం; మిగిలిన పాదాలు రాసి దానికి అర్థం కుదర్చడమే పూరణ. ఈ పక్షపు సమస్యను నేను కేంబ్రిడ్జిలోని జీసస్ గ్రీన్ మైదానంలో, మూడోవంతు పింటు బీరు చేత పట్టుకుని నిలబడి ఉండగా కట్టాను. 1974లో మొదలైన కేంబ్రిడ్జి బీరు ఉత్సవం అక్కడ మే నెలాఖరులో జరుగుతుంది. దానిని నిర్వహించేది కామ్రా అనే సంఘం. పీపాలోనే పులుస్తూ ప్రాణంతో ఉండే బీరు కనుమరుగైపోతున్నదన్న బాధతో కొందరు 1971లో దానిని స్థాపించారు. పెద్ద గుడారాల కింద, మెట్లు మెట్లుగా కట్టిన చట్రాల మీద పీపాలు అడ్డంగా పడుకుని ఉంటాయి. వాటికి గ్యాసు గొట్టాలూ పంపులూ ఏమీ ఉండవు. ఒక స్వచ్ఛంద సేవకుడు మోకాలు వంచి, గ్లాసును కుళాయి కింద ఏటవాలుగా పట్టి, గ్లాసు మీద గీసిన గీత దాకా వంచి ఇస్తాడు. మూడోవంతు పింటు అంటే 189 మిల్లీలీటర్లు. పది రకాలు చూడదలచినవాడికి ఆ చిన్న కొలతే దిక్కు.

మన ఊళ్ళలో కల్లు సంగతి తెలిసినవారికి ఈ పీప బీరు తత్త్వం వేరే చెప్పనక్కరలేదు. పొద్దుటి కల్లు పొద్దెక్కాక ఎలా మారిపోతుందో, కుళాయి బిగించి గాలి సోకిన పీపా కూడా అలాగే మూడు రోజులకు మించి రుచి నిలుపుకోలేదు.

సమస్య ఆటవెలది నాలుగో పాదం. త్రాగి, త్రాగి, యతడు, త్రాగఁ, డయ్యె అని అయిదు సూర్యగణాలు (ఒక్కొక్కటి గురువు-లఘువు గానీ మూడు లఘువులు గానీ). పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం యతి; ఇక్కడ ‘త్రా’కు ‘త్రా’ యతి. నిబంధన ఒక్కటే: పద్యం బీరు ఉత్సవంలోనే నడవాలి, అక్కడి నిజం ఒకటైనా అందులో ఉండాలి. భార్య తిట్టిందనో, వైద్యుడు వద్దన్నాడనో మానేశాడన్న పూరణలు పంపవద్దని ముందే మనవి చేస్తున్నాను, ఎందుకంటే ఆ దారిలో ఎవరైనా నడవగలరు.

నెల్లూరు మాస్టారి ప్రశ్న: “బీరు అన్న మాట పద్యానికి తగదేమో, ‘యవసుర’ అనవచ్చునా?”

అనవచ్చును మాస్టారూ, కానీ అవసరమేమిటి? ‘బీరు’ పుట్టుకతోనే ఒక గలం, అంటే హగణం. సిద్ధంగా ఉన్న సూర్యగణాన్ని వదులుకుని నాలుగు లఘువుల మాటను ఎందుకు మోయాలి? బార్లీతో చేసినదే కనుక ‘యవసుర’ అర్థానికి తప్పు కాదు, అయితే చదివినవాడు దానిని ఏ ఆసవమో అరిష్టమో అనుకుంటాడు.

మొదటి పూరణ (హైదరాబాదు మిత్రులు):

పుక్కిలించి రుచిని బొక్కెన నుమియుచు
నాల్గు పదుల రుచుల నరసినాడు;
కాలు తడబడకయె కడదాక నిలిచెను;
త్రాగి త్రాగి యతడు త్రాగఁడయ్యె.

విమర్శ: నడక చక్కగా ఉంది. ‘పుక్కిలించి – బొక్కెన’లో యతితో పాటు క్కకారపు ప్రాస కూడా పలకడం చెవికి ఇంపు. రెండు అభ్యంతరాలు మాత్రం చెప్పక తప్పదు. ‘రుచిని’ అన్న వెంటనే ‘రుచుల’ అనడం పునరుక్తి. అక్కడ ‘మధువు’ అంటే గణమూ చెడదు, మాటా మారుతుంది. రెండవది పెద్దది. ఇది ద్రాక్షసారాయి రుచి చూసేవాడి పద్యం, బీరు రుచి చూసేవాడిది కాదు. బీరు చవి చూసేవారు సాధారణంగా ఉమియరు, మింగుతారు. హాప్స్ పూల నుంచి వచ్చే చేదు గుటక దిగిన తరువాత గొంతులో ఎంతసేపు నిలిచింది, ఎలా విడిచింది అన్నది రుచిలో సగభాగం; ఉమిస్తే ఆ సగం పోతుంది. బీరు బల్లల దగ్గర బొక్కెనలు కనబడితే అవి గ్లాసులో మిగిలినది పారబోయడానికే. కాబట్టి పద్యం మంచిదే, వెళ్ళిన గుడారం వేరు.

రెండవ పూరణ (లండన్ సోదరుడు, శాకాహారి):

చేప తిత్తి వేసి చెలువార తేర్చిరం
చు విని శాకభోజి సుంత నిలిచె;
మూడు పాత్రలెంతొ ముచ్చట నందాక
త్రాగి త్రాగి యతడు త్రాగఁడయ్యె.

విమర్శ: ‘మానేశాడు’ దారిలో రావద్దన్నాను గానీ, ఇంత గట్టి కారణంతో వస్తే ఆపలేను. తెలియనివారి కోసం వివరిస్తాను. పీపాలో ఈస్టు బతికే ఉంటుంది కనుక బీరు మసకగా ఉంటుంది. దానిని తేర్చడానికి చేప గాలితిత్తిని ఎండబెట్టి తయారుచేసిన ఐసింగ్లాస్ అనే పదార్థాన్ని కొద్దిగా కలుపుతారు. అందులోని కొల్లాజెన్‌కు ధనావేశం, ఈస్టు కణాలకు ఋణావేశం ఉంటాయి. రెండూ ఒకదానినొకటి పట్టుకుని ముద్దలు కట్టి పీపా అడుగుకు దిగిపోతాయి, పైన తేట మిగులుతుంది. అడుగున చేరినది గ్లాసులోకి రాదన్నది నిజమే, కానీ ఆ మాట శాకాహారి మనసుకు ఎక్కదు. నేనూ ఇలాగే ఒక పీపా ముందు అడిగి, జవాబు విని, గ్లాసును వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాను. అద్దంలా ఉంది. ఆ తేటదనమే నన్ను మరింత ఇబ్బంది పెట్టింది. ఇప్పుడు తేర్చకుండా మసకగానే అమ్మే బీర్లు ఉంటున్నాయి. అడిగితే సేవకులు చూపిస్తారు.

ఇక పద్యం. ‘తేర్చిరంచు’ అన్న మాటను రెండు పాదాల మధ్య విరవడం ఆటవెలదికి దోషం కాదు. విరిగిన ‘చు’కు ‘సుంత’లోని ‘సు’ను యతిగా దొరకబుచ్చుకోవడం కవి చాకచక్యం. ‘తేర్చు’ అన్న క్రియ నన్ను ముగ్ధుణ్ణి చేసింది. మురికినీటి కుండలో చిల్లగింజ అరగదీసి నీరు తేర్చిన ఇళ్ళవారికి ఈ పని చెప్పడానికి ఇంతకంటే సరైన మాట లేదు.

మూడవ పూరణ (కేంబ్రిడ్జిలోనే ఉండే తమ్ముడు):

ముక్కుతోడ త్రాగి మురిసె, కన్నుల త్రాగి
పసిడి వన్నె చూచి పరవశించె;
వాహనమ్ము నడుపువాడు గావున నోట
త్రాగి త్రాగి యతడు త్రాగఁడయ్యె.

విమర్శ: ఇంతవరకు వచ్చిన భావాలలో ఇది మిన్న. రెండు ‘త్రాగి’లలో ఒకటి ముక్కుకు, ఒకటి కంటికి పంచిపెట్టి, చివరి ‘త్రాగఁడయ్యె’ను నోటికి మిగల్చడంతో విరోధం పూర్తిగా తీరిపోయింది. స్నేహితులందరినీ కారులో దింపవలసిన ఒక్కడి అవస్థ ఆ గుడారంలో ప్రతి గుంపులోనూ కనబడుతుంది. ఇంగ్లాండులో నూరు మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 80 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. ఆ హద్దు దగ్గరిదాకా వెళ్ళి చూద్దామనుకోనివాడే బుద్ధిమంతుడు.

ఒక్కటే లోపం. ‘నోట’ అన్నది ‘త్రాగఁడయ్యె’తో కలవాలి, కానీ దాని పక్కనే ‘త్రాగి’ ఉండటం వల్ల ‘నోట త్రాగి త్రాగి’ అని చదువుకునే ప్రమాదం ఉంది. దూరాన్వయం. ‘నోట’ తీసి ‘నట్లు’ అని ఉంచితే ‘ఆ విధంగా త్రాగి త్రాగి’ అన్న అర్థం వస్తుంది, గణమూ చెడదు.

తమ్ముడి జవాబు: “అలా మారిస్తే నోరు అన్న మాటే పోతుంది గదా గురువుగారూ. ముక్కు, కన్ను చెప్పి నోరు చెప్పకపోతే వెలితి.”

నిజమే. నేను అన్వయం చూశాను, మీరు వరుస చూశారు. నా సవరణను వెనక్కి తీసుకోను, మీ పాఠాన్ని కాదనను. చదువరులు ఇష్టమైనది తీసుకోవచ్చును.

నెల్లూరు మాస్టారి సందేహం: “‘కన్నుల త్రాగి’లో ‘త్రా’ సంయుక్తం గదా, దాని ముందున్న ‘ల’ గురువు కావద్దా?”

కానక్కరలేదు. తెలుగు మాటలలోని రేఫ సంయుక్తాన్ని తేల్చి పలుకుతాము, పైగా అది విడిపదం. ‘ల’ను గురువు చేస్తే సమస్యలోనే ‘యతడు త్రాగఁ’ దగ్గర ‘డు’ కూడా గురువై పాదం కూలిపోతుంది. సంస్కృత సమాసమైతే మీ మాటే చెల్లుతుంది.

నాలుగవ పూరణ (కొత్తగా ఛందస్సు నేర్చుకుంటున్న విద్యార్థి):

చేతిఫోను తీసి చిత్రాలు దించుచు
నురుగు కరిగిపోయే నూరు వ్రాసె;
వెచ్చబడిన మధువు విసముగా తోచెను;
త్రాగి త్రాగి యతడు త్రాగఁడయ్యె.

విమర్శ: బాబూ, రెండో పాదంలో మూడో గణం చూడండి. ‘పోయే’ అని దీర్ఘం పెట్టడం వల్ల అది గగం, అంటే రెండు గురువులు అయింది. అక్కడ సూర్యగణం కావాలి. వాడుకలో మనమంతా అలాగే అంటాము కనుక చెవి పట్టుకోదు. ‘కరగిపోవ’ అంటే చాలు. ‘మధువు’ తీసి నిర్భయంగా ‘బీరు’ అనండి. ‘త్రాగి త్రాగి’కి మీ మొదటి పాదంలో ఆధారం లేదన్నది అసలు చిక్కు. అతడు ఫొటోలు తీశాడే గానీ త్రాగినట్టు ఎక్కడా లేదు.

వెచ్చబడటం గురించి ఒక మాట. పీప బీరును 11 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య పోస్తారు. చల్లదనం ఎక్కువైతే నాలుక మొద్దుబారి వాసనలు అందవు, ఎండలో మరచిపోతే చప్పబడుతుంది. అందుకే పీపాల మీద చల్లనీటి గొట్టాలున్న దుప్పట్లు కప్పుతారు. ఫోను పట్టుకున్న చెయ్యి గ్లాసును మరచిపోవడం ఆ రోజు నేను చూసిన దృశ్యమే కనుక మీ భావం నిలబెట్టదగినది.

విద్యార్థి సవరణ:

గుక్క గుక్కకొక్క గుఱుతు వ్రాయ దలచి
నురుగు కరగిపోవ నూరు వ్రాసె;
వెచ్చబడిన బీరు విసముగా తోచెను;
త్రాగి త్రాగి యతడు త్రాగఁడయ్యె.

ఇప్పుడు పద్యమైంది. ‘గుక్క గుక్క’తో త్రాగడం మొదలైంది, రాతతో ఆగిపోయింది.

అయిదవ పూరణ (విజయవాడ పెద్దలు, కొడుకు ఇంటికి వచ్చినప్పుడు ఉత్సవం చూసినవారు):

తాటి వనము నీడ తలపోయు నొక పెద్ద
పీప పీపకడను పెదవి నద్ది,
యీడుగాదటంచు నింటి కల్లున కేది
త్రాగి త్రాగి యతడు త్రాగఁడయ్యె.

విమర్శ: అయ్యా, ‘పెదవి నద్ది’ అన్న రెండు మాటలలో మనిషి మొత్తం కనబడుతున్నాడు. మూడో పాదంలో ‘అటంచున్ + ఇంటి’ అని విడదీసుకుంటే ‘యీ’కి ‘ఇం’తో స్వరయతి కుదిరింది. మీతో భేదించేది తీర్పు దగ్గరే. కల్లు తీపి చెట్టు ఇచ్చేది, ఈ బీరు చేదు మనిషి కలిపేది. కెంట్ ప్రాంతపు గోల్డింగ్స్ హాప్స్ మట్టి, పచ్చిక వాసన చూసి తాటిచెట్టును వెదికితే దొరకదు. పోర్టర్ అనే నల్లని బీరు ఒకటి మాత్రం రుచి చూడవలసింది, వేయించిన బార్లీ కాఫీ పొడిలా తగులుతుంది. కల్లుకు పోటీ కాదు కనుక మీకు కోపం రాదు.

ఆరవ పూరణ (లీడ్స్ అక్కయ్యగారు):

వెన్న వాసనయని, వెనిగరు చవియని,
తడిసినట్టి యట్ట తావి యనుచు
తప్పులెన్ని యెన్ని దాహమ్ము మిగులగ
త్రాగి త్రాగి యతడు త్రాగఁడయ్యె.

విమర్శ: గణాలలో వేలు పెట్టడానికి చోటు లేదు, ‘తప్పు’కు ‘దాహ’ యతి సహజంగా వచ్చి కూర్చుంది. లక్షణాలు మూడూ నిజాలే. ఈస్టు తాను విడిచిన డైఅసిటైల్ అనే పదార్థాన్ని తిరిగి తీసుకునే వ్యవధి లేకుండా బీరును తొందరగా దింపితే వెన్న కాచిన వాసన మిగులుతుంది. గాలి సోకి సూక్ష్మజీవులు చేరితే వెనిగరు పులుపు వస్తుంది. పాతబడి ఆక్సీకరణం చెందితే తడిసిన అట్టపెట్టె వాసన వేస్తుంది. ఆ రోజు నా ముందున్న ఒకావిడ గ్లాసు తిరిగి ఇచ్చి ‘పుల్లగా ఉంది’ అంటే, సేవకుడు తానొక చుక్క నాలుకమీద వేసుకుని, మారు మాట్లాడకుండా కొత్తది పోసి, ఆ పీపా కుళాయికి గుడ్డ చుట్టేశాడు.

అక్కయ్యగారూ, ‘అతడు’ ఎవరో చెప్పలేదు గానీ, పై విమర్శలన్నీ వరుసగా చదివినవారికి వేరే చెప్పాలా? మీ పూరణ చదివాక ఆనాటి నా చిన్న పుస్తకం తీసి చూసుకున్నాను. పదకొండు బీర్లకు పదకొండు వ్యాఖ్యలు, ఒకటి తప్ప అన్నీ ‘కొంచెం ఎక్కువ’, ‘కొంచెం తక్కువ’లతోనే మొదలయ్యాయి. ఆరో పుటలో మాత్రం ‘బాగుంది’ అని ఒక్క మాట ఉంది. అది ఏ బీరో రాసుకోవడం మరచిపోయాను.

ఈ పక్షపు మొదటి స్థానం మీదే.