12 మంది బ్యాండులో యుఫోనియం తీసేసి ట్రంపెట్లు పెంచొచ్చా?

ఆదోని కుర్రోడు:
అన్నలకు నమస్తే. పెళ్లి మెరవణిలకు 12 మందితో కొత్త సెట్టు కడతాండాం. క్లారినెట్లు 2, ట్రంపెట్లు 3, ఆల్టో శాక్సు 1 చేతిలో ఉండాయి. డ్రమ్ములకు, తాళాలకు కలిపి నలుగురు. మిగిలిన ఇద్దరికీ యుఫోనియం (కింది స్థాయిలో పలికే పెద్ద ఇత్తడి బూర) బదులు ట్రంపెట్లే ఇస్తే మోత పెరగదా? యుఫోనియం బరువు, పైగా ఖరీదు. ఇంకో రెండు చిక్కులుండాయి. బండి మీది కీబోర్డుకు, ట్రంపెట్లకు శ్రుతి కలవడంల్యా. ఒక ట్రంపెట్‌లో నడిమి పిస్టను (వేలితో నొక్కే మీట) నొక్కితే పైకి రావడంల్యా.

కడప మేళం:
వద్దు తమ్ముడూ. ట్రంపెట్లు ఐదైతే మోత పెరుగుతాది, పాట పెరగదు. యుఫోనియం గొట్టం పొడవు సుమారు 2.7 మీటర్లు, ట్రంపెట్‌కు రెండింతలు. అందుకే ఒక స్థాయి కింద పలుకుతాది. పల్లవి మొదటిసారి ట్రంపెట్లు వాయిస్తే రెండోసారి యుఫోనియాలు అందుకోవాల. ఆ కాసేపే ట్రంపెట్ వాళ్ల పెదాలకు విశ్రాంతి. అది లేకుంటే మెరవణి సగం దారిలోనే పై స్వరాలు పగులుతాయి. చరణంలో ఒక యుఫోనియం షడ్జమ పంచమాలు పట్టుకోని ఉంటే, రెండోది బేస్ డ్రమ్ము దెబ్బ మీద అడుగు స్వరం వేయాల.

క్లారినెట్‌లో వేళ్లు రంధ్రాల మీదే ఆడతాయి, గమకం దానికే ఒప్పుతాది. అయితే డ్రమ్ముల నడుమ వినపడదు. ఆలాపన దానికిచ్చి అంతసేపు సైడు డ్రమ్ముల్ని ఆపించండి. చానామంది ఆపరు, అదే తప్పు. ఆల్టో శాక్సు క్లారినెట్‌కూ ఇత్తడికీ నడుమ అతుకు లాంటిది, ఒకటి చాలు.

అనంతపురం శ్రుతి:
కీబోర్డు చెడిపోలేదు. ట్రంపెట్, మామూలు క్లారినెట్ రెండూ బి ఫ్లాట్ వాద్యాలు. వాళ్లు సి అనుకుని ఊదింది కీబోర్డులో బి ఫ్లాట్. కీబోర్డు ట్రాన్స్‌పోజ్‌ను మైనస్ 2 చేయండి, అంటే శ్రుతి రెండు అర్ధస్వరాలు కిందికి దిగుతాది. ఆల్టో శాక్సు ఇ ఫ్లాట్ కాబట్టి, ట్రంపెట్లకు సి షడ్జమైతే ఆల్టోకు జి షడ్జం.

ఇంకోటి, శ్రుతి చూసుకునేది వాద్యం తీసిన వెంటనే కాదు, పది నిమిషాలు ఊది గొట్టం వేడెక్కినాక. మన ఎండలకు ఇత్తడి శ్రుతి పైకి ఎక్కుతాది, కీబోర్డు మాత్రం కదలదు. ట్రంపెట్ ట్యూనింగ్ స్లైడు (శ్రుతి సరిచేసే జారుడు గొట్టం) ఒక సెంటీమీటరు లాగితే గొట్టం రెండు సెంటీమీటర్లు పెరిగి, శ్రుతి దాదాపు అర్ధస్వరంలో పావు వంతు దిగుతాది. క్లారినెట్‌కు బారెల్ (నోట పెట్టుకునే ముక్క కింది పొట్టి గొట్టం) దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లు లాగితే చాలు.

పిస్టను రిపేరు:
నడిమి పిస్టనే పట్టేస్తుందంటే ముందు దాని పక్కకు పొడుచుకొచ్చిన చిన్న స్లైడు చూడండి. దానికి దెబ్బ తగిలితే పిస్టను పైకీ కిందికీ ఆడే గొట్టం లోపలికి నొక్కుకుంటాది. అట్లుంటే పనివాడి చేతికే ఇవ్వాల. గరుకు కాగితంతో పిస్టను రుద్దితే సందు పెరిగి గాలి కారుతాది, ఇక బాగుపడదు.

నొక్కు లేకుంటే మురికే. పై మూత విప్పి పిస్టను నిలువుగా లాగండి. గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బుతో కడిగి, గొట్టం లోపల మెత్తని గుడ్డ తిప్పండి. బాగా కాగిన నీళ్లు పోస్తే పైపూత లేచిపోతాది. తుడిచి నాలుగైదు చుక్కలు వాల్వ్ ఆయిలు వేయండి. కొబ్బరినూనె వద్దు, దుమ్ముతో కలిసి జిగురు కడతాది. మూడింటినీ ఒకేసారి తీస్తే పిస్టను మీది అంకె చూసి దాని గొట్టంలోనే వేయండి. మారితే గాలి అడ్డం తగిలి ఊదినా పలకదు.

ఆదోని కుర్రోడు:
సరే అన్నా, యుఫోనియాలే తెస్తాం. ఒకదాని బదులు ట్రాంబోన్ (స్లైడు జరిపి వాయించే ఇత్తడి బూర) తీసుకుంటే?

కడప మేళం:
వాయించేవాడుంటే మంచిదే. అయితే దాని స్లైడు బాగా ముందుకు చాస్తారు. రెండో వరుసలో నిలబెడితే ముందువాడి వీపుకు తగులుతాది, స్లైడు వంగుతాది. కవాతు బ్యాండుల్లో వాళ్లను మొదటి వరుసలో పెట్టేది అందుకే. పాతబస్తీ సందుల్లో మొదటి వరుసకు ఎదురుగా జనం, బండ్లు ఉంటాయి. యుఫోనియమే నయం.