పాత సినిమాని టీవీ నిండేలా కత్తిరించవచ్చా?

పాతరీలు:
1950ల నాటి సినిమా ఇప్పటి టీవీలో వేస్తే రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి. కొత్తగా చూసేవాళ్లకి అవే అడ్డు. బొమ్మని కాస్త పెద్దది చేసి తెర నింపేస్తే పోయేదేముంది?

చట్రం:
పోయేది చాలా ఉందండీ. అప్పటి ఫ్రేము ఎత్తు 1 అయితే వెడల్పు 1.37, టీవీది 1.78. పక్కలు నిండాలంటే పైనా కిందా కలిపి 23 శాతం బొమ్మ తెగిపోతుంది. అదే స్కోప్‌కి, అంటే వెడల్పు 2.35 ఉండే సినిమాహాలు తెరకి మారిస్తే 42 శాతం! 2010లో రంగులద్దిన 'మాయాబజార్'ని స్కోప్‌లోకే మార్చారు. రంగుల సంగతి అలా ఉంచండి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ కూర్చిన ఫ్రేము తెగడమే నాకు పెద్ద నష్టం.

జపాన్ దర్శకుడు ఓజు తీసిన 'టోక్యో స్టోరీ' (1953) చూడండి. కెమెరా చాపకి జానెడు ఎత్తులో ఉన్నట్టుంటుంది. మనుషులు నేలమీదే కూర్చుంటారు, వాళ్ల ముందు ఖాళీ నేల, తలలపైన తలుపుల చట్రాలు. కింది నేల కోసేస్తే కెమెరా అంత కిందికి దించిన ఫలితమే పోతుంది. ఆ ఇంట్లో మనమూ కూర్చున్నట్టు ఉండదు.

తెరనిండా:
ఓజు విషయం ఒప్పుకుంటాను. కానీ నెగటివ్‌లో ఉన్నదంతా దర్శకుడు చూపించదలచిందే అనుకోకూడదు. 'సైకో' (1960) నెగటివ్ మీద ఫ్రేము ఎత్తుగానే ఉంటుంది, హాల్లో మాత్రం ప్రొజెక్టరు గేటులో పైనా కిందా కప్పేసే మాస్క్ పెట్టి 1.85కి చూపించాలని తీశారు. దాన్ని 1.37లో పూర్తిగా తెరిచి వేస్తే నటుల తలల మీద అక్కర్లేని ఖాళీ వస్తుంది. అక్కడ కత్తిరింపే సరైనది.

చట్రం:
నిజమే, ఆ తేడా తెలియాలి. హాలీవుడ్‌లో 1953 తర్వాత వచ్చినవాటికి హాల్లో ఏ మాస్క్ వాడారో ముందు చూసుకోవాలి. మన దగ్గర ఆ ఏడాది గీత పనికిరాదు: 'పథేర్ పాంచాలి' (1955) 1.37లోనే ఉంది. తెలుగులో స్కోప్ వచ్చిందే 'అల్లూరి సీతారామరాజు' (1974)తో.

పాతరీలు:
మరి ఇంట్లో పట్టీలతో చూస్తే బొమ్మ మరీ చిన్నదైపోదా?

చట్రం:
55 అంగుళాల టీవీ వెడల్పు దాదాపు 122 సెంటీమీటర్లు. అందులో 94 బొమ్మకే దక్కుతుంది, ఎత్తు మొత్తం వాడుకుంటుంది. పిక్చర్ సైజ్‌లో జూమ్, స్ట్రెచ్ తీసేయండి. స్ట్రెచ్‌లో ముఖాలు అడ్డంగా సాగి లావెక్కుతాయి, అది జూమ్‌కన్నా ఘోరం. ఓవర్‌స్కాన్ ఆపండి, లేకపోతే నాలుగు అంచులూ టీవీయే మింగేస్తుంది. మోషన్ స్మూతింగ్ కూడా ఆపండి, సెకనుకి ఉండే 24 ఫ్రేముల మధ్య లేని ఫ్రేముల్ని అదే పుట్టిస్తుంది. గదిలో లైటు తగ్గిస్తే పట్టీలు చీకట్లో కలిసిపోతాయి.